కన్యాకుమారి గారి భర్త

నేను పంపిన కథ మూడోసారి తిరిగొచ్చిన వారమే, అదే పత్రికలో కన్యాకుమారి గారి పదకొండో కథ పడింది. పేరు కింద ‘నరసన్నపేట’ అని కూడా వేశారు. మా శ్రీకాకుళం నుంచి బస్సులో గంట కూడా పట్టదు. అంత దగ్గర్లో ఉండి అంత బాగా రాయడం నాకేమీ నచ్చలేదు.

నిజం చెప్పాలంటే, ఆవిడ కథల కంటే ఆవిడ భర్తను చూసే నాకు కుళ్ళు. ప్రతి కథలోనూ ఒక ఇల్లాలు ‘ఆయన’ గురించి చెబుతుంది. ఆయన టీ ముందు తానొక గుక్క తాగి, పంచదార సరిపోయిందో లేదో చూసి, అప్పుడు ఆవిడకిస్తాడు. నేను ఒకరోజు మావారికి పంచదార వెయ్యకుండా టీ ఇచ్చి చూశాను. పేపరు చదువుతూ తాగేసి గ్లాసు కింద పెట్టారు.

చివరికి, చీరలు కొనాలని ఇంట్లో చెప్పి బస్సెక్కాను. నరసన్నపేటలో పోస్టుమాన్‌ని అడిగితే, ఆవిడ ఉత్తరాలన్నీ ధర్మారావు గారి బట్టల కొట్లో ఇస్తానన్నాడు.

“ఆరి మేనకోడలంటమ్మా. నానైతే ఎప్పుడూ సూళ్ళేదు.”

కొట్లో ఇద్దరే ఉన్నారు. గల్లా దగ్గర కళ్ళజోడు పెట్టుకున్న ధర్మారావు గారు, మీటరు కర్రతో బట్ట కొలుస్తూ ఆయన స్నేహితుడు జగన్నాధం గారు. ఇద్దరికీ నలభై దాటాయి. మీ మేనకోడల్ని చూడాలని వచ్చానంటే ధర్మారావు గారి ముఖం పాలిపోయింది.

“పత్రికోల్లు పంపినారేటి మిమ్మల్ని?”

“వాళ్ళు నా కథే తీసుకోరు. నన్నేం పంపుతారండీ?”

జగన్నాధం గారు పకపకా నవ్వారు. “ఒరే ధర్మా, ఈవిడికి సెప్పీరా. ఎవులికో ఒకలికి సెప్పకపోతే నీకు నిద్దరట్టదు.”

ధర్మారావు గారు ఒక ఉత్తరం తీసి నా చేతికిచ్చారు. సంపాదకుడు రాసింది. మగవాళ్ళు ఆడపేర్లతో రాస్తున్నారని అనుమానమట. దీపావళి సంచికలో రచయిత్రుల ఫోటోలు వేస్తారట. ఫోటో గానీ, తగిన కారణం గానీ పంపకపోతే కన్యాకుమారి పేరుతో ఇక ఏ కథా వెయ్యరట.

“ఆ కన్యాకుమారిని నేనేనమ్మా,” అన్నారాయన.

అర నిమిషం పాటు నా ప్రాణం ఎంత హాయిగా ఉందో! నేనొక కార్డు ముక్క రాస్తే ఆ పేరు పోతుంది. రాయకపోయినా పోయేలాగే ఉంది.

“మీ పేరుతోనే రాయొచ్చు కదా?”

“నా పేరు పెట్టుకుని ‘ఆయన’ కోసం ఎలా రాస్తానమ్మా? ఆడపేరుంటే ఎవులూ ఏటీ అడగరు.”

ఇంతలో జగన్నాధం గారు ఎదుటి హోటలుకు వెళ్ళి మూడు గ్లాసుల టీ తెచ్చారు. ఒకటి నాకిచ్చారు. రెండో గ్లాసులోంచి ఒక గుక్క తాగి, తల ఊపి, ధర్మారావు గారి ముందు పెట్టారు.

పదకొండు కథల్లో నేను చదివిన మనిషి చంకలో మీటరు కర్రతో నా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

నేను నా టీ వంకే చూస్తూ కూర్చున్నాను. ఈ పేరు పోతే ఈ మనిషి గురించి చదవడానికి నాకింకెక్కడా దొరకదు. నా కథలోని భర్తయితే ఎనిమిది పేజీల్లో ఒక్కసారి కూడా లేచి మంచినీళ్ళు ముంచుకోలేదు.

“కాగితం తియ్యండి. నేను చెబుతాను, మీరు రాయండి. మీ దస్తూరీ సంపాదకుడికి అలవాటేగా,” అన్నాను.

“ఏటి రాయను?”

“‘అయ్యా, పత్రికలో నా ఫోటో వేయించుకోవడానికి మావారు ఒప్పుకోవడం లేదు.’ అంతే. ఈ కారణం మీద మన దేశంలో ఏ సంపాదకుడికీ అనుమానం రాదు. జాలిపడి కథ మొదటి పేజీల్లో వేసినా వేస్తాడు.”

ధర్మారావు గారు కలం తీశారు. జగన్నాధం గారు కర్ర బల్ల మీద పడేశారు.

“ఓలమ్మో! నానెప్పుడు ఒప్పుకోనన్నాను? అసలు నన్నెవులడిగినారు?”

అన్నాక గానీ తను అన్నదేమిటో ఆయనకు తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ధర్మారావు గారు ముందు తల వంచుకున్నారు. తర్వాత భుజాలు ఊగిపోయేలా నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఒరే, ఈపాలికి ఒప్పుకోకు.”

“సర్లే, ఒప్పుకోను. రాసీ.”

రాశారు. ‘మావారు’ దగ్గర మాత్రం కలం కాసేపు ఆగింది. ఆగి, ఆ ఒక్క మాటని మిగతా వాటికంటే కాస్త పెద్ద అక్షరాలతో రాసింది.