ముందు ఆయ్ అనేయండి

అమలాపురంలో మా ఆసుపత్రి సీటీ స్కాన్ మెషిన్‌లో ఏళ్ళ తరబడి వినిపించిన గొంతు నాది. పేషెంటు పడుకున్న బల్ల లోపలికి వెళ్ళగానే, "ఊపిరి గట్టిగా పీల్చండి, బిగబట్టి ఉంచండి" అని మెషిన్ దానంతటదే చెబుతుంది. ఆ మాటలు నేను రికార్డు చేసినవే. చేపల మార్కెట్లో బేరమాడుతుంటే గొంతు గుర్తుపట్టి, ఊపిరి బిగబట్టమన్న మేడంగారు కదండీ అంటూ కొసరు వేసేవాళ్ళు. రత్నమాల అంటే ఎవరికీ తెలియదు గానీ ఆ గొంతు అందరికీ తెలుసు.

ఒకటే చిక్కు. మనవాళ్ళకు మర్యాద ఎక్కువ. అవునన్నా, సరేనన్నా, ఎవరేం చెప్పినా "ఆయ్" అనకుండా ఉండలేరు. బిగబట్టమనగానే "ఆయ్" అంటారు. పట్టిన ఊపిరి కాస్తా బయటికి పోతుంది, ఛాతీ కదులుతుంది, బొమ్మ చెదిరిపోతుంది. నేను లోపలికెళ్ళి నాలుగు కేకలేసి మళ్ళీ తీసేదాన్ని. కోనసీమలో సీటీ తియ్యడమంటే ఇంతే అనుకున్నాను.

నిన్నగాక మొన్న కపిలేశ్వరపురం నుంచి వచ్చి చేరిన దుర్గాసాయి అలా అనుకోలేదు. నా దగ్గరే పని నేర్చుకుంటూ, ఒక మధ్యాహ్నం తన గొంతుతో వేరేగా రికార్డు చేశాడు. "ముందు ఆయ్ అనేయండి. అన్నారా? ఇప్పుడు ఊపిరి పీల్చండి. అలాగే బిగబట్టండి." పేషెంట్లు హాయిగా ఆయ్ అనేసి, ఆ తర్వాత కిక్కురుమనకుండా ఉండిపోతున్నారు. ఇకనుంచి ఇదే ఉంచమన్నారు డాక్టరుగారు.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ కొమ్ములు నన్నే పొడిచాయి. మెషిన్ గది అద్దానికి ఇవతల కూర్చుని వాడి గొంతు విన్నప్పుడల్లా, దేవుడా, ఈసారైనా ఎవరో ఒకరు కదలాలి అని కోరుకునేదాన్ని. ఒక్కరూ కదిలేవారు కారు. పైగా వాడు నన్ను అక్కగారూ అని ఎంతో వినయంగా పిలిచేవాడు. దాంతో ఒళ్ళు ఇంకా మండేది.

ఇంతలో మా అమ్మకు దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనిపించింది, సీటీ తియ్యమన్నారు. కాట్రేనికోన నుంచి ఆటోలో వచ్చింది. ఆ రోజు దుర్గాసాయి సెలవు. మా అమ్మకు కూడా వాడి గొంతేనా అనిపించి, నా పాత రికార్డింగు వెతికి పెట్టాను.

బల్ల లోపలికి వెళ్ళింది. బిగబట్టమని నా గొంతు చెప్పింది. "ఆయ్, అలాగేనమ్మా" అంది అమ్మ. సరిగ్గా మచ్చ ఉన్న చోటే బొమ్మంతా మసక. వెళ్ళి మందలించాను. బుద్ధిగా తలూపింది. మళ్ళీ నా గొంతు, మళ్ళీ ఆయ్. అలా తీస్తూ పోవడానికి ఇదేం పెళ్ళి ఫోటో కాదు, తీసినప్పుడల్లా ఒంట్లోకి రేడియేషన్ పోతుంది. ఈసారి కేకలెయ్యడానికి నోరు రాలేదు.

"నువ్వు చెబితే పలక్కుండా ఎలా ఉంటానే?" అంది అమ్మ, తప్పు చేసినదానిలా.

నా గొంతు తీసేసి వాడిది పెట్టాను. అమ్మ ముందు ఆయ్ అంది. తర్వాత ఊపిరి బిగబట్టి కదలకుండా పడుకుంది. బొమ్మ స్పష్టంగా వచ్చింది. పాత జబ్బు మిగిల్చిన మచ్చేనని, భయం లేదని డాక్టరుగారు చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. అందులో సగం సంతోషం, సగం వాడి మీద కుళ్ళు, అబద్ధమెందుకు. ఎవరే ఆ అబ్బాయి, ఎంత నెమ్మదిగా చెప్పేడో అని అమ్మ ఆటో ఎక్కేదాకా మురుస్తూనే ఉంది. ఎవరోలే అన్నాను.

మర్నాడు దుర్గాసాయి వచ్చాడు. "అమ్మగారికి బాగా వచ్చిందటండీ. నా రికార్డింగే పెట్టేరా, అక్కగారూ?" అని అడిగాడు.

చచ్చినా చెప్పకూడదనుకున్నాను. ఊపిరి బిగబట్టి, తెర వైపే చూస్తూ కూర్చున్నాను. వాడు చేతులు కట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"ఆయ్" అన్నాను.