ఉభయుల గైర్హాజరు

మూడో అరలోంచి కట్టను దించి, తుడిచి, ముడి విప్పబోతూ అతను ఆగాడు. ఆ ముడి తనది కాదు. తను వేస్తే చివర్లు రెండూ సమానంగా ఉంటాయి. ఇది ఎవరో ఆదరాబాదరాగా బిగించి పోయిన పీటముడి. నిన్న అతను భోజనానికి వెళ్ళినప్పుడు ఏ వకీలు గుమాస్తానో వచ్చి కెలికి ఉంటాడు. గోళ్ళతో దాన్ని విప్పేసరికి ఐదు నిమిషాలు పట్టింది. కోపం రాలేదు. కోపం కూడా ఒక అలవాటే. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను దాన్ని వాడలేదు.

రికార్డు గది కోర్టు భవనానికి అడుగున ఉంది. గోడ పైభాగాన జానెడు కిటికీ ఒకటి, పగలంతా వెలిగే రెండు ట్యూబు లైట్లు, నడుమ పన్నెండు వరసల ఇనప అరలు. ఈ ఊళ్ళో విడిపోయిన మొగుడూ పెళ్ళాలందరూ ఆ అరల్లోనే ఉన్నారు, పక్కపక్కనే, ఒకే కట్టలో. విడాకులు మంజూరైన ఫైళ్ళకు ఎర్ర నాడా. అవి శాశ్వతం. కొట్టేసిన కేసులకు తెల్ల నాడా. అవి పన్నెండేళ్ళు ఉంటాయి, తరవాత కాగితాన్ని గుజ్జుచేసే మిల్లు లారీ ఎక్కుతాయి. ఏది ఎక్కడుందో రిజిస్టరు చూడకుండా చెప్పగలిగేది అతనొక్కడే. అందుకే పైన అందరూ అతన్ని చెదపురుగు అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. కాగితాలు తిరగేసీ తిరగేసీ వేలిగీతలు అరిగిపోయాయి. హాజరు యంత్రం అతని బొటనవేలిని గుర్తుపట్టదు. అతనొక్కడి కోసం పాత సంతకాల పుస్తకం ఇంకా ఉంచారు.

పదింటికి కౌంటరు దగ్గరికి ఒక నడివయసు ఆవిడ వచ్చింది.

"ఏ సంవత్సరం కేసమ్మా?"

"మా చిన్నది నడక నేర్చిన ఏడండి."

"మీ చిన్నదాని నడక మా రిజిస్టర్లో ఎక్కలేదు తల్లీ. నంబరేమైనా గుర్తుందా?"

"నంబరు లేదు గానీ, తీర్పు చెప్పిన రోజు కుండపోత వాన. రేకుల మీద చప్పుడుకి జడ్జిగారు చెప్పింది ఎవరికీ వినపడలేదు. గెలిచానో ఓడానో తెలీక ఇంటికెళ్ళాక ఏడుద్దాంలే అనుకున్నా."

కోర్టు రేకుల షెడ్డులో నడిచింది రెండేళ్ళే. అతను అరగంటలో ఫైలు తీశాడు. జనం సంవత్సరాలను అంకెలతో గుర్తుపెట్టుకోరు. పగిలిన సామానుతో, పిల్లల జ్వరాలతో, వానలతో గుర్తుపెట్టుకుంటారు. అలా గుర్తుపెట్టుకోవడానికి అతనికి మాత్రం ఒకటే రోజు ఉంది.

ఆవిడ వెళ్ళాక కౌంటరు కిటికీలోకి ఒక పెద్ద ముఖం వంగి చూసింది. అరవై దాటిన మనిషి, భారీ భుజాలు, చొక్కా జేబులో మడిచిన ఆస్పత్రి చీటీలు.

"విడాకుల కాగితం ఇక్కడేనాండీ? పైన నలుగురు నాలుగు దిక్కులు చూపించారు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను, ఇన్ని మలుపులు ఏ ఘాట్‌రోడ్డులోనూ చూళ్ళేదు."

"నకలు పైనిస్తారు. ఫైలు తీసేది నేను. వివరాలు చెప్పండి."

"మా ఆవిడదండి. అంటే, నాతో విడాకులు కాదు. నాకు ముందాయనతో." డ్రైవరు నవ్వబోయి మానేసి, జేబులోంచి ఒక చీటీ తీసి ఇచ్చాడు. "పేర్లు ఆవిడే చెప్పి రాయించింది. చెయ్యి వణుకుతోంది కదా, రాత నాది."

చీటీ మీద రెండు పేర్లు ఉన్నాయి. రెండోది అతని అసలు పేరే. చాలాకాలానికి ఆ పేరును మరొకరి చేతిరాతలో చూశాడు. చనిపోయిన చుట్టం పేరు చదివినట్టు చదివాడు.

"తొందరండీ కాస్త," అన్నాడు డ్రైవరు. "నాలుగింటికి ఆపరేషన్ బల్లెక్కిస్తారు. కడుపులో గడ్డ. భర్త సంతకం పెట్టాలన్నారు. పెట్టబోతుంటే మా బావ, ఆవిడ అన్నయ్య, నిన్న దిగాడు. 'నువ్వెవడివి పెట్టడానికి? ముందు మొగుడితో విడాకులయ్యాయని కాగితం చూపించు' అని వార్డంతా వినపడేట్టు అరిచాడు. ఆస్పత్రివాళ్ళకి కావలసిందీ అదే, కాగితమైనా తెమ్మన్నారు, లేదా అన్నగారితో పెట్టించమన్నారు. పోనీ నువ్వే పెట్టు బావా అన్నాను. ఆవిడ ఒప్పుకుంటేగా! 'పంతొమ్మిదేళ్ళు నా మొహం చూడనివాడి సంతకంతో నన్ను కొయ్యనివ్వను. పెడితే నువ్వే పెట్టు. కాగితం కోర్టులో ఉంది, పోయి పట్టుకురా' అంది. పిడివాదం మనిషండీ."

"అవును" అని నోటిదాకా వచ్చింది. అతను దగ్గాడు.

"ఆ ముందాయన ఈ కోర్టులోనే చేసేవాడట. మీకు తెలుసేమో?"

"ఉండేవాడు."

"ఎలాంటి మనిషండీ?"

"మాట్లాడేవాడు కాదు."

"ఆవిడా అదే అంటుంది. కొట్టలేదు, తిట్టలేదు, గోడకైనా చెవులుంటాయి గానీ ఆయనకి అవీ లేవు అని. కానీ ఒక్క మాట చెప్పుకోవాలండోయ్. ఈ కోర్టు పని మాత్రం తన నెత్తినేసుకుని, ఆవిడ రెండోసారి మెట్లెక్కే పని లేకుండా పూర్తి చేశాడట. ఆ ఒక్కదానికీ రుణపడి ఉంటానంటుంది."

"రెండింటికి రండి," అన్నాడు అతను.

ఫైలు వెతకనక్కర్లేదు. పదకొండో వరస, కింది అర, గోడవైపు. వంగి చేయి పెడితే వేళ్ళకే తెలుస్తుంది. దానికి ఎర్ర నాడా కట్టింది అతనే. కట్టవలసింది తెల్లది.

తనూ భార్యా ఇద్దరి సమ్మతితో వేసిన విడాకుల పిటిషన్. ఆరు నెలల తరవాత ఇద్దరూ మళ్ళీ హాజరై, మా మనసు మారలేదని చెబితే చాలు. "నువ్వు రానక్కర్లేదు. పైనున్నదంతా మావాళ్ళే. నేను చూసుకుంటా," అన్నాడు ఆమెతో. ఇద్దరూ జడ్జి ఎదురుగా నిలబడాలన్న సంగతి కోర్టు మనిషికి తెలియనిది కాదు. ఆమెకు తెలియదు. కోర్టులో పనిచేసేవాడి మాట కోర్టు మాటే అనుకుంది. వాయిదా రోజున బంట్రోతు రెండు పేర్లూ మూడుసార్లు పిలిచాడు. ఆ కేక మెట్ల మీదుగా ఈ గదిలోకి దిగి వచ్చింది. అప్పుడతను ఒక కట్ట కడుతున్నాడు. పైకి వెళ్ళకూడదని అనుకోలేదు. కట్ట పూర్తయ్యాక వెళదామనుకున్నాడు. చేతులు మాత్రం చాలా నెమ్మదిగా కట్టాయి.

సాయంత్రం బస్టాపులో ఆమె నిలబడి ఉంది. "ఏమైంది?" అంది.

"అయిపోయింది," అన్నాడు.

"ఇంతేనా?" అంది. బస్సు వచ్చింది, ఎక్కింది.

మర్నాడు చెబుదామనుకున్నాడు. తరవాత వారం చెబుదామనుకున్నాడు. ఆమె వేరే మనిషితో ఉంటోందని తెలిసిన రోజున, ఇక చెప్పకపోవడంలో ఒక రుచి ఉందని కనిపెట్టాడు. పైన ఎవరైనా "నీకేమయ్యా, పెళ్ళాం పోరు లేదు" అని వేళాకోళం చేస్తే పైకి తల వంచుకునేవాడు. లోపల మాత్రం, ఎవరికీ తెలియని ఆస్తి ఉన్నవాడిలా, ఒక నీచమైన నిబ్బరం. ఆమె ఎక్కడున్నా, ఎవరికి అన్నం పెట్టినా, కాగితం మీద తన భార్యే. ఏడేళ్ళ కిందట పాత ఫైళ్ళు లారీకి ఎక్కిస్తున్నప్పుడు దీన్ని పక్కకు తీసి, నాడా మార్చి, శాశ్వతమైన వాటిలో కలిపేశాడు. అది ప్రేమ అయి ఉంటుందేమోనని ఒకప్పుడు అనుమానించాడు. ప్రేమైతే ఇంత దుమ్ములో దాచడు.

ఫైలు విప్పి చివరి పేజీ చూశాడు. 'ఉభయుల గైర్హాజరు కారణంగా పిటిషన్ కొట్టివేయడమైనది.' కింద జడ్జిగారి పొట్టి సంతకం.

ఈ కాగితం చూపిస్తే డ్రైవరు ఎవరూ కాకుండా పోతాడు. దొరకలేదంటే అన్నగారు గెలుస్తాడు, ఆమె పంతానికి పోయి బల్లెక్కదు. దొంగ నకలు తయారు చేయడం అతని వల్ల కాదు. ముద్రలు పైనుంటాయి, ధైర్యం ఎక్కడా లేదు. అప్పుడు, చాలా ఆలస్యంగా, ఒక సంగతి తట్టింది. ఆ ఆస్పత్రి చీటీ మీద చెల్లే భర్త సంతకం ఈ లోకంలో ఒకటే ఉంది. రోజూ పొద్దున్నే పాత పుస్తకంలో తను పెట్టే సంతకం.

లేచాడు. చొక్కా దులుపుకున్నాడు. మెట్లెక్కాడు.

సూపరింటెండెంట్ అద్దాలు పైకి తోసి చూశాడు. "ఏం చెదపురుగూ, పగటిపూట బయటికొచ్చావు?"

"సగం రోజు సెలవు కావాలండి."

"సెలవా! ఒంట్లో బాలేదా?"

"నాకు కాదండి. భార్య ఆస్పత్రిలో ఉంది."

టైపిస్టు చేతులు ఆగిపోయాయి. సూపరింటెండెంట్ కలం కింద పెట్టి అడిగాడు.

"ఎవరి భార్యయ్యా?"

గదంతా ఒక్కసారి గొల్లుమంది. నకళ్ళ గుమాస్తా బల్ల మీద చరిచి నవ్వాడు. "అరల మధ్యన ఎవరినైనా దాచాడేమోనండీ, ఓసారి తనిఖీ చేయించండి!" టైపిస్టు, "పాపం, ఊరుకోండి," అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక్క వాక్యం చాలు. నా భార్యే, ఫైలు కింద ఉంది, నాడా నేను మార్చాను. ఆ వాక్యం అతని గొంతులో పొడవుగా నిలబడింది. దాని వెనక విచారణ, సస్పెన్షన్, ముప్పై ఒక్క ఏళ్ళ నౌకరీ, అన్నీ వరసలో నిలబడ్డాయి. కానీ నోరు మూయించింది అవి కాదు. ఆ నవ్వు. ఇన్నేళ్ళూ లోపల దాచుకున్న ఆస్తిని మొదటిసారి బయటపెడితే, చెల్లని నాణెం చూసినట్టు అందరూ నవ్వారు.

"తెలిసినవాళ్ళావిడండి," అన్నాడు. "మాట తప్పు దొర్లింది."

"తెలిసినవాళ్ళావిడైతే సాయంత్రం వెళ్ళి పలకరించిరా. కింద ఇద్దరు వకీళ్ళు ఫైళ్ళకోసం చూస్తున్నారట, ముందు పోయి ఆ సంగతి చూడు."

దిగిపోయాడు. వకీళ్ళకు ఫైళ్ళిచ్చాడు. సంతకాలు తీసుకున్నాడు. అన్నం డబ్బా విప్పి, తినకుండానే మూసేశాడు. తన ఫైలును తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. డ్రైవరు రాగానే దాన్ని అతని వైపు తోస్తే సరి. చదువుకునేవాడు చదువుకుంటాడు, నోటితో చెప్పే పని ఉండదు. చదివాక డ్రైవరు తల ఎత్తి, ఆ మనిషి ఎక్కడున్నాడని అడుగుతాడు. అప్పుడు తను, నేనే అంటాడు. పదండి ఆస్పత్రికి, అంటాడు. ఈ ఏర్పాటు అతనికి నచ్చింది. ఇందులో మొదటి అడుగు ఇంకొకరిది.

రెండయింది. రెండున్నర అయింది. అతను గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆస్పత్రి ఎక్కడో డ్రైవరు చెప్పలేదనీ, తను అడగలేదనీ అప్పుడు గుర్తొచ్చింది.

నాలుగింటికి పది నిమిషాలుందనగా డ్రైవరు వచ్చాడు. పొద్దుటి వేగం లేదు. మెట్టుమెట్టుకూ రెండు పాదాలూ కలిపి దిగాడు. చేతిలోని కవరును కౌంటరు పక్క స్టూలు మీద పెట్టి, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"ఫైలు తీశాను," అన్నాడు అతను.

"తొందరేం లేదండి ఇంక." డ్రైవరు గొంతు మామూలుగానే ఉంది. "ఒంటిగంటన్నరకి పోయింది. గడ్డ లోపలే చితికిందన్నారు. నేను క్యాంటీనులో టీ తాగుతున్నా. ఎవరో పరిగెత్తుకొచ్చి పిలిచారు."

అతను రిజిస్టరును కౌంటరు అంచుకు సమానంగా సర్దాడు.

"బావ సంతకం పెట్టి ఆవిడని తీసుకెళ్ళిపోయాడండి. నేను పెడతానంటే, నర్సు పుస్తకంలో ఒక గడి చూపించింది. మృతురాలికి ఏమవుతారు అని ఉంది. నా చేతిలో కలం ఉంది. ఏం రాయాలో తెలీలేదు. ఈలోగా ఆయన కలం లాక్కుని రాసేశాడు." డ్రైవరు చూపు ఫైలు మీద పడింది. "ఇదేనా?"

"ఇదే."

"అయితే ఉందన్నమాట." డ్రైవరు వేలితో ఎర్ర నాడాను ముట్టుకుని వెంటనే తీసేశాడు. "నా కళ్ళజోడు ఆస్పత్రిలోనే ఉండిపోయింది. ఏం రాశారండీ ఇందులో? అయిపోయిందనే కదా?"

తోయవలసిన ఫైలు ఇద్దరి మధ్యా జానెడు దూరంలో ఉంది. అతను దాని మీద అరచేయి ఆనించాడు.

"అయిపోయింది," అన్నాడు.

డ్రైవరు పెద్ద భుజాలు ఒక్కసారిగా కిందికి జారాయి. "చెప్పా నేను బావకి. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదయ్యా అని." ఏడుస్తాడేమోనని అతను భయపడ్డాడు. ఏడవలేదు.

"నకలు కావాలా?"

"ఎవరికి చూపించనండీ? ఉందని తెలిసింది, చాలు." రెండు మెట్లెక్కి, ఆగి, వెనక్కి తిరిగాడు. "ఆయన ఎప్పుడైనా కనబడితే ఓ మాట చెప్పండి, పోయిందని. ఎంతైనా తెలియాలి కదా."

"చెబుతాను."

అడుగుల చప్పుడు పైకి వెళ్ళి, వరండాలో జనం చప్పుడులో కలిసిపోయింది. అతను ఫైలు తీసుకుని పదకొండో వరసకు వెళ్ళి, వంగి, గోడవైపు నెట్టి వచ్చాడు. రిజిస్టరు మూశాడు. ఒక లైటు ఆర్పాడు. రెండోది ఆర్పబోతుంటే స్టూలు మీద కవరు కనిపించింది.

పరిగెత్తితే గేటు దగ్గర అందుకోవచ్చు. అనుకున్నాడు. కానీ కూర్చుని కవరు తెరిచాడు.

లోపల ఆడవాళ్ళ చెప్పుల జత, కొత్తది. ఆపరేషన్ అయ్యాక ఆమెను నడిపించడానికి కొన్నట్టున్నాడు. అడుగున ఆరో నంబరని ఉంది. ఆమెది ఆరో నంబరని అతనికి తెలియదు. బురద రంగు పట్టీలు, మెత్తటి అట్టలు, మట్టి అంటని మడమలు. రెండింటినీ కలిపి దుకాణంవాడు బిగించిన సన్నటి ప్లాస్టిక్ దారం ఇంకా తెంపలేదు.