జువ్విలంక పట్టే లెన్సు

“గడ్డం కాస్త దించండి మేష్టారూ. ఆయ్, అక్కడే ఉంచండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి, మొహం ఉబ్బుద్ది.”

కొండలరావు రెండు వేళ్ళతో మేష్టారి గడ్డాన్ని గోరంత పక్కకి తిప్పి, చొక్కా కాలరు సర్ది, వెనక్కి వెళ్ళి కెమెరా వెనక వంగాడు. పాస్‌పోర్టు సైజు ఫోటోకి ఇంత సేవ ఎవరు చేస్తారు? కొత్తపేట బస్టాండు పక్కన ఆ ఇరుకు స్టూడియోలో కొండలరావు చేస్తాడు. ఏదో దరఖాస్తుకి అంటించి మరిచిపోయే ఫోటోలో కూడా మనిషి మనిషిలా ఉండాలని అతని పట్టుదల.

పొడుగ్గా, బక్కగా ఉంటాడు. వంగి వంగి నడుం దగ్గర చిన్న గూని తేలింది. ఫోటోలు కడిగే మందులకి గోళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. ఏళ్ళతరబడి ఒంటికన్నుతో చూడ్డంవల్ల ఎడమకన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది, కొత్తవాళ్ళు కన్నుకొడుతున్నాడేమో అని కంగారు పడతారు. ఇక వెనక్కి నడవడంలో అతన్ని మించినవాడు కోనసీమలో లేడు. పెళ్ళిలో వియ్యాలవారు యాభైమంది వరసకట్టినా అందరి పాదాలూ ఫోటోలో పడాలి. పాదాలు తెగితే అశుభం అంటారు ఇక్కడ. అందుకని కెమెరా కంటికి ఆనించుకుని ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోతాడు. అలా పోయి పోయి ఓ పెళ్ళిలో వంటలు చేసే గాడిపొయ్యి దాకా వెళ్ళి ప్యాంటు అంచు కాల్చుకున్నాడు. ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

తొంభై తొమ్మిదో సంవత్సరం జూన్ నెలలో ఆ పొద్దున్న మాత్రం అతని చూపు మాటిమాటికీ బల్లమీది అట్టపెట్టె వైపు పోతోంది. రాజమండ్రిలో కెమెరాలు అమ్మే వీరవెంకటరమణ మొదటి బస్సు డ్రైవరు చేత పంపించాడు. అందులో రెండు వైడ్ యాంగిల్ లెన్సులున్నాయి, రెండూ ఎవరో వాడినవే. ఒకటి ఇరవై ఎనిమిది, ఇంకోటి ఇరవై. నంబరు తగ్గేకొద్దీ లెన్సు చూపు వెడల్పవుతుంది. ఒకటి ఉంచుకుని రెండోది సాయంత్రం అదే బస్సుకి తిప్పి పంపాలి. గోదావరి జిల్లాల్లో బేరాలు ఇలాగే నడుస్తాయి, మధ్యలో డ్రైవరు మొహం ఒక్కటే హామీ.

“ఇరవై ఎనిమిది పుచ్చుకోండి కొండలరావుగారూ” అని వీరవెంకటరమణ ముందే ఫోన్లో చెప్పాడు. “ఇరుకు హాల్లో పెళ్ళిళ్ళకి దివ్యంగా పనికొస్తుంది. ఇరవై మనకెందుకండీ? చివర నిలబడ్డ వియ్యపురాలు గుమ్మడికాయలా వస్తుంది. తగువులైపోతాయి.”

కొండలరావుకి కావలసింది పెళ్ళిళ్ళకి కాదు. అతని భార్య ఉమాదేవి పుట్టిల్లు జువ్విలంకలో. గోదారి నడుమ ఉన్న ఆ లంకని తూర్పునించి ఏటికేడూ వరద కోసుకుపోతోంది. కొబ్బరితోటలు పోయాయి, పాకలు పోయాయి, ఈసారి వరదకి ఇళ్ళ వరస వంతు. ఆమె తమ్ముడు తాతబ్బాయి అప్పుడే ఇంటి పెంకులు దింపి పడవలో ఇవతలికి చేరేస్తున్నాడు. ఆ కబురు విన్న రోజున ఉమాదేవి అన్నం వడ్డిస్తూ అడిగింది.

“ఏవండీ, మా ఊరంతా ఒక్క ఫోటోలో పడుద్దా?”

పెళ్ళయిన నాటినించీ ఆమె అతన్ని ఫోటో అడగలేదు. ఇంట్లోవాళ్ళకి ఫిల్ము దండగ అనే ఇల్లది. అలాంటి మనిషి నోరు తెరిచి అడిగేసరికి, “ఎందుకు పడదు” అనేశాడు కొండలరావు. తరవాత తన పాత లెన్సుతో వెళ్ళి చూసుకుంటే ఇల్లు పడితే గోదారి పడదు, గోదారి పడితే చెట్ల తలలు పడవు. మాట చూస్తే ఇచ్చేశాడు. వరద వచ్చేస్తే ఇక తియ్యడానికి ఊరే ఉండదు.

మధ్యాహ్నం స్టూడియోకి తాళం వేసి, ఉమాదేవిని సైకిలు వెనక కూచోబెట్టుకుని ఏటిగట్టుకి తొక్కాడు. భుజాన కెమెరా సంచీ, అడ్డంగా కట్టిన కెమెరా స్టాండు, ఆమె ఒళ్ళో మజ్జిగ క్యాను.

ముందు గట్టుమీదే స్టాండు వేశాడు. అక్కణ్ణించి లంక ఈ కొసనించి ఆ కొసదాకా కనిపిస్తుంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాడు. ఇరవై ఎనిమిది బిగించి చూశాడు. పైన ఆకాశం, కింద నీళ్ళు, మధ్యలో లంక జానెడు జరీ అంచులా ఉంది. ఇరవై బిగించాడు. ఆ అంచు కూడా పోయి దారప్పోగు మిగిలింది.

“చదవేస్తే ఉన్న మతి పోయిందంట. ఇంత వెడల్పు లెన్సు పెడితే ఊరే కనపడట్లేదు” అని గొణిగాడు.

ఉమాదేవి కూడా వంగి చూసింది. “మా ఇల్లు ఎక్కడండీ?” అంది. అతను స్టాండు మడిచేశాడు.

పడవెక్కి లంకకి వెళ్ళారు. తాతబ్బాయి ఇంటిమీదే ఉన్నాడు. పెంకులన్నీ దిగిపోయి వాసాలు బయటపడ్డ ఇల్లు, ముందు గడపతో సహా ద్వారబంధం మాత్రం నిలబడి ఉంది. ఇల్లు విప్పేటప్పుడు ద్వారబంధం అన్నిటికంటే చివర తీస్తారు అక్కడ. పసుపు రాసి, దణ్ణం పెట్టి, ఇంటి ఆడపడుచు చెయ్యి వేశాకే కదిలిస్తారు. ఉమాదేవి అందుకు కూడా వచ్చింది.

కొండలరావు ఇంటి పడమటివైపు నిలబడి చూశాడు. తూర్పుగా ఇళ్ళ వరస, దాని వెనక చెట్లు, ఆ వెనక కోసుకుపోయిన గట్టు, గోదారి. ఏదో ఒకటి తెగుతూనే ఉంది. అలవాటు చొప్పున ఒకడుగు వెనక్కి వేశాడు. మరొకటి వేశాడు. అరటిబోదెలు దాటాడు, గడ్డివామి దాటాడు. వెనక్కి వెళ్ళేకొద్దీ అన్నీ పడుతున్నాయి గానీ అన్నీ చిన్నబోతున్నాయి.

“బావగారూ” అని తాతబ్బాయి వాసాల మీదనించి కేకేశాడు. “ఇంకో అడుగేసేరంటే గోదారేనండి. ఈతొచ్చా తమరికి?”

చూసుకుంటే మడమల దాకా నీళ్ళలో ఉన్నాడు. తాతబ్బాయి నవ్వాడు, ఒడ్డున గొడ్లు కడుగుతున్నవాళ్ళూ నవ్వారు. కొండలరావు నవ్వలేదు. ఒడ్డుమీద గొంతుక్కూచుని, చేతిలో ఇరవై లెన్సు పట్టుకుని దిగులుగా చూస్తున్నాడు. ఈ భూమ్మీద అందరినీ నిలబెట్టి ఫోటో తీశాను, పెళ్ళాం అడిగిన ఒక్కటీ నాచేత కాదా అని అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఎండ వాలింది. ఉమాదేవి గ్లాసులో మజ్జిగ పోసుకుని ద్వారబంధం దగ్గర నిలబడి పిలిచింది. అతను లేచి, ఇరవై లెన్సు తగిలించి ఉన్న కెమెరా మెళ్ళో వేసుకుని అక్కడికి వెళ్ళాడు. గ్లాసు అందుకోబోతూ, ఎందుకో మరి, ఒక్కసారి కెమెరా కంటికి పెట్టుకున్నాడు.

ఉమాదేవి ఇంత దగ్గరగా ఉంది. చేతిలో మజ్జిగ గ్లాసు, ముక్కుమీద చెమట, పాదాల వేళ్ళదాకా మనిషి నిండుగా ఉంది. ఆమె వెనక ద్వారబంధం, అందులోంచి విప్పేసిన ఇల్లు, పక్కగా వీధి, వీధి చివర చెట్లు, చెట్ల సందుల్లో గోదారి, ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఎవర్నీ జరగమనలేదు. ఇన్నాళ్ళూ అందరూ పట్టాలని వెనక్కి వెళ్ళడమే నేర్చుకున్నాడు. ఈ లెన్సుకి దగ్గరికి వెళ్ళాలి.

గబగబా ఇరవై ఎనిమిది మార్చి చూశాడు. పాదాలుంటే చెట్ల తలలు తెగాయి, తలలుంటే పాదాలు తెగాయి. మళ్ళీ ఇరవై తగిలించాడు.

“అక్కడే ఉండు ఉమా.”

“నన్నెందుకండీ, ఊరు తియ్యండి.”

“నువ్వుంటేనే ఊరు కనపడతంది.”

ఆమె కొంగు సర్దుకోబోయి మానేసి అతనివైపే చూసింది. కొండలరావు ఆమె గడ్డం తిప్పలేదు, ఊపిరి సంగతి చెప్పలేదు. నొక్కాడు. ఆ తరవాత ముగ్గురూ కలిసి ద్వారబంధానికి పసుపు రాశారు.

సాయంత్రం బస్సు డ్రైవరు చేతికి ఇరవై ఎనిమిది లెన్సు ఇచ్చి పంపేశాడు. వ్యాపారానికి పనికొచ్చేదాన్ని తిప్పిపంపి, పనికిరానిదాన్ని ఉంచుకున్నాడని వీరవెంకటరమణ ఆ ఏడాదంతా చెప్పుకు నవ్వాడు. నవ్వనీయండి. ఒక మాట నిలబెట్టుకోడానికి మాత్రమే ఒక వస్తువు కొన్న మనిషిని ఇంకొకణ్ణి నేను చూడలేదు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక రీలు నిండడం ఆలస్యమై, ఫోటో కడిగేసరికి శ్రావణం వరద వచ్చి వెళ్ళింది. జువ్విలంకలో ఆ ఇళ్ళ వరస లేదు. ఫోటోలో అంతా ఉంది, ఒక్క తప్పుతో సహా. వెనకనించి పడమటెండ పడుతుంటే చూసుకోకుండా తీశాడు, కొండలరావు నీడ పొడుగ్గా సాగి వచ్చి ఉమాదేవి పాదాల దగ్గర పడింది.

“నిన్న మొన్న కెమెరా పట్టినవాడు కూడా నీడ పడనివ్వడు. నలుగురూ చూస్తే నవ్వుతారు, గోడకి పెట్టకు” అన్నాడు.

“నాకు బావుందండీ” అంది ఉమాదేవి. అయినా అతని మాట తీసెయ్యలేక బీరువాలో చీరల కింద దాచుకుంది.

మరికొన్నేళ్ళు గడిచాయి. డిజిటల్ కెమెరాలు వచ్చాయి. స్టూడియోకి వచ్చేవాళ్ళు తగ్గారు, వచ్చినవాళ్ళ గడ్డాలు మాత్రం కొండలరావు అలాగే సర్దాడు. ఓ మార్గశిర మధ్యాహ్నం ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య, స్టూలు మీద కూచుని గోడకి తల ఆనించాడు. తరవాత వచ్చిన మనిషి నిద్రపోతున్నాడనుకుని లేపకుండా బయట బల్లమీద కూచుని చాలాసేపు చూశాడట.

పదోరోజుకి పటం కావాలన్నారు. ఊళ్ళో సగం ఇళ్ళ గోడలమీద కొండలరావు తీసిన ఫోటోలే, కొండలరావుది మాత్రం ఎక్కడా లేదు. తాతబ్బాయి వెతికి వెతికి ఓటరు కార్డు పట్టుకొచ్చాడు. అందులో రెండు కళ్ళూ మూసుకుపోయి, చెవి సగం తెగిపోయి ఉంది.

“ఇది ఆయన చూసుంటే తీసినవాణ్ణి పిలిచి మళ్ళీ తీయించేవారు” అంది ఉమాదేవి. బీరువా తెరిచి ఫోటో తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. “దీన్ని పెద్దది చేయించి పటం కట్టించరా.”

“ఇందులో బావగారెక్కడున్నారక్కా?”

ఆమె వేలు పెట్టి చూపించింది. తాతబ్బాయి కండువాతో మొహం తుడుచుకుని బయల్దేరాడు.

బతికున్న మనిషి ఉన్న పటానికి దండ వెయ్యకూడదని పెద్దవాళ్ళు అడ్డం పడ్డారు. వాళ్ళ మాటా నిజమే. దండ వద్దు, బొట్టు పెట్టరా చాలు అంది ఉమాదేవి. ఎక్కడ పెట్టాలో తాతబ్బాయికి ఈసారి చూపించక్కర్లేకపోయింది.

ఆ పటం ఇప్పటికీ ఆమె ముందుగదిలో ఉంది. అందులో జువ్విలంకంతా ఉంది, పాదాలు తెగకుండా ఆమె ఉంది, ఆ పాదాల దగ్గర నేలమీద పడుకున్న నీడకి నుదురు ఉండేచోట, అద్దంమీద, ఒక కుంకుమబొట్టు ఉంది.