మడి దులిపిన రోజు

ఫయోమ్ పదకొండో గుల్లను విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. ముందు పదింటిలో వచ్చిన వాసనే ఇందులోనూ వచ్చింది, పడవ ఇంజన్ విప్పి బిగించాక రెండు రోజుల దాకా చేతుల్ని వదలని వాసన. కోపం రావాలి, రాలేదు. ఏడుపైనా రావాలి, అదీ రాలేదు. పన్నెండోది విప్పింది.

పాటుకు నీళ్ళు వెనక్కి పోయి, నది సముద్రంలో కలిసే మొగ అంతా బురద తేలింది. ఆమె ఒక మోకాలు బురదబల్ల మీద ఆనించి, రెండో కాలితో నెట్టుకుంటూ తన గుల్లల మడి ఈ చివర నుంచి ఆ చివరి వెదురు గెడ దాకా వెళ్ళింది. పైన బురద శుభ్రంగానే మెరుస్తోంది. మణికట్టు దాకా చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తే మాత్రం వేళ్ళ సందుల్లో నల్లటి నలుసులు. నలిపితే జిడ్డు.

పన్నెండు రోజుల కిందట ఆయిల్ మోసుకెళ్ళే బార్జి ఒకటి మొగ బయట ఇసుక తిప్పకు తగిలి పగిలింది. ఎవరిదో, ఎందుకు పగిలిందో టీవీలో రోజుకో రకంగా చెప్పారు. బాన్ పాక్‌లేన్ ఊళ్ళో అది వినే తీరిక ఎవరికీ లేదు. మర్నాడే పోటుతో నల్లటి ఆయిల్ తెట్టు పైకి రావడం మొదలైంది. దాని దారిలో పదిహేడు ఇళ్ళవాళ్ళు గుల్లలు పెంచుకునే మడులున్నాయి. ఇంకో నెలలో ఏరాల్సిన గుల్లలు.

అప్పుడు అందరూ చూసింది ఫయోమ్ వైపే. చూడక ఏం చేస్తారు? ఆ ఊళ్ళో మడి దులపడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. వానాకాలంలో నది ఒండ్రు తెచ్చి గుల్లల మీద దుప్పటిలా కప్పుతుంది. అలాగే వదిలేస్తే గుల్లలు ఊపిరాడక చస్తాయి. అందుకని పాటు మొదలయ్యే వేళ చూసుకుని మడి మీద పడవలు అటూ ఇటూ తిప్పుతారు. ఇంజన్ పంకా నీళ్ళను చిలికితే ఒండ్రు లేచి సముద్రంలోకి కొట్టుకుపోతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంత నీళ్ళలో తిప్పాలో ఫయోమ్‌కు అత్తగారు నేర్పింది. ఆవిడ కోడలికి ప్రేమగా నేర్పింది అదొక్కటే.

"దులుపుదాం. మట్టి పోయినట్టే ఇదీ పోద్ది," అంది ఫయోమ్ రేవులో నిలబడి. "నీళ్ళు తిరిగే వేళకి అందరూ మడుల మీదుండండి."

పదహారు పడవలు కదిలాయి. పదిహేడోది ఆమె మరిది థవిన్‌ది. తాడు లాగి లాగి అతని భుజం నొప్పెట్టింది గానీ ఇంజన్ దగ్గనైనా దగ్గలేదు.

"ఏరా, మళ్ళీ అలిగిందా?" అంది ఫయోమ్.

"అలగలేదు వదినా, ఆలోచిస్తోంది."

"నీ పోలికే. ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోండి. నీ గుల్లలు నల్లబడ్డాక మాత్రం నా గుమ్మం ఎక్కావంటే ఊరుకోను."

పడవల్లోవాళ్ళంతా నవ్వారు. థవిన్ కూడా నవ్వి, ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

రెండు గంటలు చిలికారు. అడుగు మట్టి అంతా పైకి లేచి నీళ్ళు చిక్కగా గోధుమరంగుకు తిరిగాయి. నల్లటి తెట్టు ముక్కలైంది, ముక్కలు చుక్కలయ్యాయి, చుక్కలు కనబడకుండా పోయాయి. ఫొటోలు తియ్యడానికి వచ్చిన ఆఫీసర్లకు తియ్యడానికేమీ దొరకలేదు. సాయంత్రం ఆడవాళ్ళు అరిటాకుల్లో చుట్టిన జిగురన్నం తెచ్చి ఫయోమ్ చేతిలో పెట్టారు. ఆ రోజు ఆమె రేవు మీద నడిచిన నడక చూసి తీరాలి. పొరుగూళ్ళ నుంచి కూడా ఫోన్లు చేసి ఎలా చేశారని అడిగారు.

వాసన మొదట తగిలింది మూడు రోజుల కిందట. ఎవరికీ చెప్పలేదు. తన మడిలోనే ఏదో అయిందనుకుంది. చీకటి విడకముందే బల్ల వేసుకుని పక్క మడిలో చెయ్యి పెట్టి చూసింది, ఆ పక్కదానిలోనూ చూసింది, అంతటా అదే జిడ్డు. అప్పటి నుంచి ఆమె లోపల ఏదీ కదలడం లేదు. దారిలో ఎవరైనా "అన్నం తిన్నావా?" అంటే "తిన్నా" అంటోంది. తినలేదు.

ఈ పొద్దున మొగకు అవతలి ఒడ్డునున్న ఊరి పెద్ద, ప్రయోంగ్ అనే ఆమె, ఫోన్ చేసింది. "అక్కా, రెండో తెట్టు రేపటి పోటుకి మావైపు తిరుగుద్దంట. ముప్పై పడవలు సిద్ధం చేశా. నువ్వు చెప్పినట్టే దులుపుతాం."

"మళ్ళీ మాట్లాడతాలే," అని ఫయోమ్ పెట్టేసింది. ఆ తరవాతే గుల్లలు విప్పడానికి వచ్చింది. పన్నెండు విప్పినా వాసన మారలేదు.

మధ్యాహ్నం నీళ్ళు పరీక్షించే ఆఫీసు నుంచి ఓరపిన్ అనే అమ్మాయి వచ్చింది. మనిషి సన్నగా ఉంటుంది, మాట మెత్తన. పది రోజుల కిందట, దులిపిన మర్నాడు, పదిహేడు మడుల్లోనూ బురద, గుల్లలు తీసుకెళ్ళింది తనే. రేవు పాకలో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"పదహారు మడుల్లో ఆయిల్ ఉందండీ. ఇప్పుడా గుల్లలు తినకూడదు, అమ్మకూడదు. ఒక్క థవిన్ గారి మడి శుభ్రంగా ఉంది."

ఎవరో ముసలాయన, "నీళ్ళు తేటగానే ఉన్నాయి గదమ్మా?" అన్నాడు.

"నీళ్ళలో లేదు తాతా, కిందకి దిగింది. ఆయిల్ వట్టిదైతే తేలిపోద్ది. సన్నటి చుక్కలయ్యి, నీళ్ళలో మట్టి కూడా ఉంటే, పిండిలో దొర్లించిన అరటిముక్కలా చుక్క చుట్టూ మట్టి పట్టేస్తుంది. బరువెక్కి మునుగుద్ది." ఆ అమ్మాయి పుస్తకం తెరిచింది. "నాకు అర్థం కానిది ఒక్కటే. ఆ రోజు పడవలతో చిలికారని విన్నాను. థవిన్ గారి మడి మీద చిలకలేదా?"

ఎవరూ ఫయోమ్ వైపు చూడలేదు. కావాలనే చూడడం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"చిలక్కపోవడమేంటి," అన్నాడు థవిన్ తాపీగా. "నేనూ దులిపా. అందరం కలిసి అనుకునే దులిపాం. ఒకళ్ళు చెప్పిందేం లేదు."

ఓరపిన్ కలం పట్టుకుని ఆలోచించింది. "అయితే చిలకడం వల్ల కాదన్నమాట. మీదీ చిలికితే మీదీ పాడవ్వాలిగా. మరి అవతలి ఊరివాళ్ళు రేపు చిలుకుతామంటున్నారు, వద్దనడానికి నా దగ్గర ఏమీ లేదు."

థవిన్ పళ్ళికిలిస్తూ వదిన వైపు చూశాడు, పెద్ద గండం గట్టెక్కించినట్టు. వెధవకు జీవితంలో మొదటిసారి మంచి బుద్ధి పుట్టింది, అదీ ఇప్పుడు పుట్టింది. ఒప్పుకుంటే పదహారు కొంపలు ముంచిన మనిషిగా బతకాలి. ఊరుకుంటే అవతల ముప్పై.

"వాడు దులపలేదు," అంది ఫయోమ్. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. "వాడి ఇంజన్ పలకలేదు. తెట్టు వాడి మడి మీద నుంచి వచ్చినట్టే వచ్చి పాటుకి పోయింది. మిగతా పదహారూ దులిపాం. దులపమన్నది నేను. రాసుకో."

ఓరపిన్ రాసుకుంది. ఫయోమ్ అందరి ముందే ఫోన్ తీసి అవతలి ఊరికి కలిపింది.

"ప్రయోంగూ, దులపొద్దు. పడవలు కట్టేసుకో."

"అదేంటక్కా, నువ్వే గదా..."

"నేనే. మా గుల్లలన్నీ పోయాయి. తెట్టు వచ్చినా చెయ్యి పెట్టొద్దు, చూస్తా కూర్చో. ఆఫీసువాళ్ళు తేలే కంచె కడతారేమో అడుగు."

"ఊరికే కూర్చోవాలా?"

"ఊరికే కూర్చో."

ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూసింది. పదహారు ఇళ్ళవాళ్ళున్నారు, ఒక్కరైనా తిడతారనుకుంది. ఒక్క తిట్టు పడితే బాగుండుననిపించింది, దాన్ని పట్టుకుని ఏడ్చేది. ఎవరూ తిట్టలేదు. ఒక్కొక్కరే లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

చివరికి థవిన్ మిగిలాడు. "నీ గుమ్మం ఎక్కొచ్చా వదినా? నా గుల్లలు నల్లబళ్ళేదుగా."

ఆమె లేచి చెప్పులేసుకుంది. అతనే మళ్ళీ అడిగాడు.

"అన్నం తిన్నావా?"

"తినలేదు," అంది ఫయోమ్. "మూడు రోజులైంది."