వెయ్యి మిల్లీమీటర్లు

నేను ఒక గేజి కడ్డీని. రెండు రైలు పట్టాల మధ్య దూరం కొలిచే ఇనుప కడ్డీని. నా రెండు కొసల్లో కిందికి వంగిన చెవులుంటాయి. ఈ చెవి నుంచి ఆ చెవికి సరిగ్గా ఒక మీటరు. వెయ్యి మిల్లీమీటర్లు. తొమ్మిదివందల తొంభై తొమ్మిది కాదు, వెయ్యిన్నొకటి కాదు. పట్టా కొంచెం జరిగితే పోనీలే అనడం నాకు చేతకాదు. మనుషులకు బాగా చేతనవును. అందుకే కొలవడానికి నన్ను చేసుకున్నారు.

ఒక రైల్వే వర్క్‌షాపులో పుట్టాను. నాతోపాటు అరవైమంది పుట్టారు. అసలు కొలతతో పోల్చి చూసి పద్నాలుగు మందిని మళ్లీ కొలిమిలోకి తోశారు. నాకు ముద్ర కొట్టి ధర్మవరం నుంచి పాకాల పోయే మీటర్ గేజి లైనుకు పంపారు. కదిరి దగ్గర పట్టాలు బాగుచేసే గ్యాంగులో పడ్డాను.

మొదటి మేస్త్రీ పేరు చెంగప్ప. నన్ను పట్టాల మీద పెట్టడం తక్కువ, నా మీద చెయ్యి ఆనించి బీడీ తాగడం ఎక్కువ. దూరంగా అధికారి ట్రాలీ కనిపిస్తే మాత్రం నన్ను పట్టుకొని వంగేవాడు. వంగిన నడుమును చూసి అధికారి మెచ్చుకొని పోయేవాడు. పట్టా వైపు ఇద్దరూ చూసేవాళ్లు కారు.

ఆయన తర్వాత ఓబులేసు మేస్త్రీ అయ్యాడు. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాడు. మాట తక్కువ. నన్ను పెట్టి చూసి, తేడా ఉంటే ఒక్కటే మాట అనేవాడు: "తియ్." పట్టాకు కొట్టిన మేకులన్నీ పీకించి మళ్లీ కొట్టించేవాడు. గ్యాంగులో ఎవరికీ ఆయన నచ్చలేదు. నాకు నచ్చాడు.

తర్వాత పట్టాలు ఇంకా ఎడంగా ఉండే పెద్ద గేజి వచ్చింది. మా పట్టాలు పీకేశారు. పాత సామాను కుప్ప పోస్తున్నప్పుడు ఒక కుర్ర ఇంజనీరు నన్ను బూటుకాలితో కదిపి, "ఈ కొలత ఇంక లోకంలో ఎవడికి కావాలయ్యా? నువ్వే తీసుకుపో, కుక్కల్ని తోలుకో" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. నన్ను భుజాన వేసుకొని ఇంటికి నడిచాడు. ఆ మాటను ఆయన క్షమించలేదు. నేనూ క్షమించలేదు.

ఇంటి దగ్గర నాకు దొరికిన ఉద్యోగం ఎనుముల కొట్టానికి అడ్డగడియ. ఓబులేసు భార్య మునెమ్మ పగలు నన్ను తీసి రెండు గుంజల మీద పెట్టి చీరలు ఆరేసేది. సాయంత్రం మళ్లీ గడియ. కొన్నేళ్లకు మునెమ్మ చనిపోయింది. ఎనుముల్ని అమ్మేశాడు. ఖాళీ కొట్టానికి గడియ ఎందుకు? అయినా ఓబులేసు రోజూ సాయంత్రం వేసేవాడు, పొద్దున తీసేవాడు. ఏ పనీ లేని ఇద్దరం అలా ఒకరికొకరం పని కల్పించుకున్నాం.

ఆయన మనవరాలు ఇందుజ. కూతురు సుగుణ బిడ్డ. సుగుణ ఆసుపత్రిలో నర్సు. పిల్లను సెలవుల్లో ఎక్కడికీ తీసుకుపోలేదు, తీరిక లేదు. పదో తరగతి పరీక్షలు రాశాక ఇందుజ తాతను పట్టుకుంది.

"తాతా, సింగపూర్ పోదాం. మా క్లాసులో జోషితా వాళ్లు పోయొచ్చినారు."

"ఆడ రైలుండాదా?"

"మెట్రో ఉండాది."

"అది బొరియలో తిరిగే ఎలక. రైలు కాదు. ఇమానాల్లో తిరగాలంటే మీ యమ్మతో పో. నాతో అయితే రైలే. ఊరూరికీ రైల్లోనే పోవల్ల. యాడికి పోయేది, ఎప్పుడు ఎక్కేది, ఎప్పుడు దిగేది నువ్వే రాసుకోనిరా. తప్పు లేకుంటే తీసకపోతా."

ఆ పిల్ల ముఖం మాడ్చుకొని పోయింది. నాలుగు రోజులు ఫోనులో రైళ్లున్న దేశాలు వెతికింది. ఐదో రోజు కొట్టం గడప మీద కూర్చొని ఒక ఫోటో తాత ముందు పెట్టింది.

"ఇది చూడు తాతా. పట్టాలు దగ్గర దగ్గరగా ఉండాయి. మన రైలు మాదిరి లేదు."

"ఏ దేశం?"

"వియత్నాం."

"పెద్దది చెయ్."

ఓబులేసు ఫోటోను చాలాసేపు చూశాడు. "మీటరే" అన్నాడు.

"ఎట్ల చెప్తావు?"

"ముప్పై ఆరేండ్లు వంగి చూసినా."

ఇందుజ మళ్లీ ఫోనులో వెతికింది. "అవును తాతా! దేశం ఈ కొస నుంచి ఆ కొసకు మీటర్ గేజే. వెయ్యి మిల్లీమీటర్లని రాసినారు."

"రాసినోడు కొలిచినాడా?"

అలా అని ఆయన లేచి నన్ను గడియలోంచి తీశాడు. తడిగుడ్డతో తుడిచాడు. నా చెవుల్లో పట్టిన తుప్పును కిరసనాయిలుతో పోగొట్టాడు. రైలు తిరిగే పట్టాల మీద నన్ను ఇంకొక్కసారి పెట్టాలి. ఆయనకు కావలసింది అదొక్కటే. ఇందుజకు కావలసింది అయిదు ఊళ్లు, సముద్రం, ఫోటోలు. ఒకే ప్రయాణంలో ఇద్దరి కోరికలు పట్టాలి.

నెల రోజులు గొడవ జరిగింది. హనోయిలో దిగి హ్యూ, దానాంగ్, న్యాచాంగ్ మీదుగా సైగాన్ దాకా పోవాలని ఆ పిల్ల లెక్క. రాత్రి రైలెక్కి పడుకుంటే పొద్దునకు ఊరు వస్తుంది, పగలంతా తిరగవచ్చు.

"రాత్రి రైలెక్కితే పట్టా కనపడదు" అన్నాడు తాత.

"పగలంతా రైల్లోనే కూర్చుంటే ఊర్లెప్పుడు చూసేది?"

"రైల్లోంచి కనపడేది ఊరు కాదా ఏమ్మే?"

"నీతో వస్తే నాకు కనపడేది నీ కడ్డీ ఒకటే!"

సుగుణ మధ్యలో దూరింది. "నీకు మోకాళ్ల నొప్పులు నాయనా. దేశం కాని దేశానికి ఆ ఇనుము మోసకపోతే అదేం బాంబో అని పట్టుకుంటారు."

"అది రాకుంటే నేను పోను."

"నువ్వు పోకుంటే నేను పోలేను" అని ఇందుజ ఏడ్చేసింది. నాకు సీటు అలా దొరికింది.

చివరికి దానాంగ్ నుంచి న్యాచాంగ్ దాకా ఒక్క పగటి రైలుకు ఇందుజ ఒప్పుకుంది. అది ఓబులేసుది. మిగతావన్నీ ఆమెవి. అయితే పట్టాల దగ్గరికి ఎలా చేరడం? పెద్ద స్టేషన్లలో పోలీసులుంటారు, పోనివ్వరు. ఓబులేసు గోడ మీది పాత క్యాలెండరు చింపి నేల మీద బోర్లా పరిచాడు.

"అది ఒకే లైనంట గదా. అంటే ఎదురొచ్చే బండి కోసం మన బండి యాడో ఒక చిన్న స్టేషన్లో నిలబడల్ల. ఆడ పోలీసోడుండడు. మనట్లాటోల్లే ఉంటారు. ఆ స్టేషను పట్టుకుంటే సాలు."

కాగితం పక్కన స్టేషన్ల పేర్లు, పైన గంటలు రాయించాడు. నన్ను స్కేలులా పెట్టి మన బండికి ఒక ఏటవాలు గీత గీశాడు. ఎదురుబండికి ఇంకో గీత. రెండూ కలిసిన చోటే బండ్లు దాటుకునే స్టేషను. స్టేషను మాస్టర్ల దగ్గర చూసి నేర్చుకున్న విద్య. ఇందుజ నోరు తెరుచుకొని చూసింది. తర్వాత వేలు పెట్టి అడిగింది.

"ఎదురుబండి పన్నెండుకు బయల్దేరుతాదని ఉంటే నువ్వు ఒంటిగంట కాడ గీసినావేంది?"

"గంటన్నా లేటుగా వస్తాది గదా."

"వాళ్లు టైముకే వస్తే?"

"రైలు టైముకొస్తే మీసం తీసేస్తా పో."

బెంగళూరు విమానాశ్రయంలో నన్ను దుప్పటిలో చుట్టి మూడు ముళ్లు వేసి సామానులో ఇచ్చారు. కౌంటరులో ఉన్నది తెలుగువాడే. "ఇదేంటి పాపా?" అన్నాడు.

"తాత చేతికర్ర సార్."

"ఇంత బరువుందే! వంగదు కూడా."

"తాత కూడా అంతే సార్."

హనోయి స్టేషన్లో ఓబులేసు పట్టాల వైపు రెండడుగులు వేయగానే ఒక ఉద్యోగి చెయ్యి అడ్డం పెట్టాడు. హ్యూలోనూ అదే జరిగింది. దానాంగ్‌లో ఇందుజ సముద్రంలో ఆడింది. ఆయన ఒడ్డున కూర్చొని చెనిక్కాయల పొడి కలిపిన అన్నం తిన్నాడు. ఆ పిల్ల ఊళ్లలో మూడు ఆమెకు దక్కాయి. ఇక ఆయనకు మిగిలింది ఒక పగలు, ఒక స్టేషను.

పగటి రైలెక్కాం. నన్ను బెర్తు కింద పెట్టారు. ఆయన గీసిన స్టేషనుకు ఇంకా అరగంట ఉంది. ఆ ధీమాతో ఓబులేసు చెప్పులు విప్పి కునుకు తీశాడు. బండి ఆగింది.

"తాతా, ఆగింది."

"ఇది కాదులేమ్మే. ఇంకా నాలుగు స్టేషన్లుండాయి."

ఇందుజ పెట్టెలోని రైలు ఉద్యోగినిని ఫోను అనువాదంతో ఏదో అడిగింది. ఆమె చెప్పిన జవాబును ఫోను ఇంగ్లీషులోకి మార్చింది. ఇందుజ ఒక్క గెంతు గెంతింది.

"తాతా! ఎదురుబండి వస్తాండాదంట! ఈడనే దాటుకుంటాయంట!"

"అప్పుడే యాడొస్తాది? లేటు గదా."

"లేటు లేదు, గీటు లేదు! టైముకొచ్చింది! నీ మీసం పోయింది గానీ, లే!"

ఓబులేసు దిగ్గున లేచి కూర్చున్నాడు. ముప్పై ఆరేళ్లు లేటు బండ్లను చూసిన మనిషి, లేటును కూడా కొలత అనుకున్నాడు. చెప్పుల కోసం తడుముకున్నాడు. ఈలోగా ఇందుజ బెర్తు కిందికి దూరింది. ముడులు రాలేదు. పళ్లతో కొరికి ఒకటి విప్పింది. మిగతా రెండూ వదిలేసి, దుప్పటి ఈడ్చుకుంటూనే నన్ను భుజానికెత్తుకుంది. నెల రోజులుగా నన్ను చూసి విసుక్కున్న పిల్ల. బరువుకు భుజం వంగింది గానీ దించలేదు.

కిందికి దిగేసరికి ఎదురుబండి పక్క లైనులో దడదడమని పోతోంది. అవతల నలుగురు గ్యాంగువాళ్లు పనిముట్లతో తప్పుకొని నిలబడ్డారు. చివరి పెట్టె దాటింది. పట్టాలు ఖాళీ. ఇక మా బండి ఏ క్షణమైనా కదులుతుంది.

ఓబులేసు దుప్పటి చింపేసి నన్ను పైకెత్తి చూపించాడు. గ్యాంగువాళ్లలో ముసలాయన నన్ను చూశాడు. ఓబులేసు కాళ్ల వైపు, పనిచేసి కాయలు కాసిన వేళ్ల వైపు చూశాడు. తల ఊపి, రా అన్నట్టు చెయ్యి ఆడించాడు.

వంగలేని మోకాళ్లతో ఓబులేసు వంగాడు. నన్ను పట్టాల మీద పెట్టాడు.

టక్.

రెండు చెవులూ ఒకేసారి దిగాయి. ఇటు సందు లేదు, అటు రాపిడి లేదు. బండి పోయిన పట్టా ఇంకా వణుకుతోంది. ఆ వణుకు నాలోకి ఎక్కింది. పదిహేనేళ్లు పట్టా ఎక్కలేదు, చీరలు మోశాను, ఎనుముల కొమ్ముపోట్లు తిన్నాను. వెయ్యి మిల్లీమీటర్లు. ఒక్కటీ తప్పలేదు. ముసలాయన తన కడ్డీ తెచ్చి నా పక్కన పెట్టాడు. అదీ టక్ మంది. ఇద్దరూ ముఖాలెత్తి ఒకర్నొకరు చూసుకున్నారు.

"సరిపోయిందే! ఇందూ, సరిపోయిందే!" అని ఓబులేసు అరిచాడు. ఆ గొంతు అంత పైకి లేవగా నేను ఎన్నడూ వినలేదు. ఇందుజ ఫోటోలు తీస్తూ తనూ అరుస్తోంది.

అప్పుడు మా బండి కూత వేసింది.

గ్యాంగులో చేరినవాడికి మొదటి రోజు ఒకటే పాఠం నేర్పుతారు. కూత వినిపిస్తే ముందు పనిముట్టును పట్టా మీంచి తీసి దూరంగా వెయ్యాలి, తర్వాత మనిషి తప్పుకోవాలి. ఓబులేసు చేతులు ఆ పాఠం మరిచిపోలేదు. కూత వినగానే నన్ను ఎత్తి అవతలి గట్టు మీదికి విసిరేశాయి. తను ఇవతలికి దూకి పెట్టె వైపు పరుగెత్తాడు. ఇందుజ ఆయన చెయ్యి పట్టి పైకి లాగింది. బండి కదిలింది.

"తాతా, కడ్డీ!"

ఓబులేసు తలుపులోంచి వెనక్కి చూశాడు. నేను కంకర మీద పడి ఉన్నాను. ఆయన ఒట్టి చేతులు చూసుకున్నాడు. దిగబోతాడేమోనని ఇందుజ చొక్కా పట్టుకుంది. ఆయన దిగలేదు. తలుపు కమ్మీని కొట్టుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. మునెమ్మ పోయాక ఆ నవ్వు నేను వినలేదు.

"చైను లాగనా తాతా?"

"ఎందుకుమ్మే? అది పనిలో చేరిపాయ!"

బండి మలుపు తిరిగేదాకా ఆ నవ్వు వినిపించింది.

ముసలాయన నన్ను ఎత్తి, ముద్ర మీద బొటనవేలు రాసి చూశాడు. ఆ సాయంత్రమే నన్ను తమ గ్యాంగు పెట్టెలో పెట్టాడు. ఇక్కడికి వచ్చి రెండు వానాకాలాలు అయింది. వీళ్లలోనూ చెంగప్పలున్నారు. నా మీద చెయ్యి ఆనించి టీ తాగుతారు. ముసలాయన చూస్తే లేచి వంగుతారు.

ఈ పొద్దు వంతెన దగ్గర నన్ను పెట్టారు. మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. గ్యాంగులో ఒకావిడ పోనీలే అన్నట్టు చెయ్యి ఊపింది. ముసలాయన ఏదో ఒక్కటే మాట అన్నాడు. ఆమె విసుక్కుంటూ మేకులన్నీ పీకింది. మళ్లీ కొట్టింది. నన్ను పెట్టారు. టక్ మన్నాను. కాసేపటికి ఒక బండి మేము సరిచేసిన పట్టాల మీద నిండుగా పోయింది. మేమంతా పక్కన నిలబడి చూశాం. చివరి పెట్టె దాటగానే ముసలాయన నన్ను భుజాన వేసుకొని తర్వాతి మేకు దగ్గరికి నడిచాడు.