మామగారి సీటు

పెద్దల్లుడికి కడుపు మండటం మొదలైంది ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ కలిసి భోజనం చేస్తుండగా. మండింది కూరలో కారం వల్ల కాదు, తోడల్లుడి కారు వల్ల.

పెద్దల్లుడిది కుళాయిలూ పైపులూ అమ్మే కొట్టు. ఎవరి జోలికీ పోని మనిషి. ఇది నాది అని ఆయన గట్టిగా పట్టుకున్నదల్లా ఒక్కటే: ఆదివారం పొద్దున మామగారిని తన కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బస్సు డిపో దాకా తీసుకెళ్ళడం. మామగారు బస్సు నడిపి రిటైరైన మనిషి. డిపో పక్కన టీ దుకాణం దగ్గర ఆయన పాత స్నేహితులంతా పేకాటకి చేరతారు. దారి పొడుగునా "గేరు మార్చు అల్లుడూ", "ఆ హారనెందుకు, వాడికి కళ్ళు లేవా?" అని ఆయన సణుగుతుంటే పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చేది. ఊహ తెలియకముందే తండ్రిని పోగొట్టుకున్నవాడు మరి. తన మీద అలా సణిగే మనిషి ఒకడుండాలని చిన్నప్పటి నుంచీ ఆశ.

ఇంతలో చిన్నల్లుడు కొత్త కారు కొన్నాడు. కొత్తదంటే మరేం కాదు, పెద్దల్లుడి కారు లాంటిదే, అదే మోడల్లో కుర్రకారు కోసం చేసిన రకం. ఎర్ర రంగు. ముందు సీట్లు రెండూ రేసు కార్లకున్నట్టు లోతుగా, పక్కల ఉబ్బెత్తు అంచులతో ఉంటాయి. ఆ ఆదివారం మామగారిని డిపోకి తనే తీసుకెళ్ళి తీసుకొచ్చాడు.

"మేడ మీంచి చూస్తున్నాను," అంది చిన్న కూతురు భోజనాల దగ్గర నవ్వుతూ. "కారు ఆగి ఎంతసేపైనా నాన్న దిగరే! సీటుకి అతుక్కుపోయారు. చూసి చూసి నేనే లోపలికొచ్చేశాను."

"మంచి సీటమ్మా. హాయిగా ఉంది," అని మామగారు కంచంలోకి తలవంచుకున్నారు. చిన్నల్లుడు పెద్ద ముద్ద నోట్లో కుక్కుకున్నాడు.

పెద్దల్లుడు సగం తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. తన కారు ఆగీ ఆగకముందే తలుపు తీసుకుని దిగిపోయే మనిషి, ఆ ఎర్ర కారులోంచి దిగనే దిగలేదట! ఇన్నేళ్ళూ తన సీటు మీద ఆయనకి అంత విసుగుందా? మొహమాటానికి చెప్పలేదా? ఇంటికొచ్చాక కూడా అదే ధ్యాస. కొట్టులో ఒకరు కుళాయి అడిగితే పైపు తీసిచ్చాడు.

"ఏమండీ, మీరు పెళ్ళి చేసుకున్నది నన్నా, మా నాన్ననా?" అని భార్య ఆటపట్టించింది. ఆయన నవ్వలేదు.

పాత కార్లు విప్పి అమ్మే యార్డులన్నీ గాలించాడు. చివరికి అదే రకం ఎర్ర కారు ఒకటి, వెనక భాగం నుజ్జయినది, దొరికింది. ముందు సీట్లు చెక్కు చెదరలేదు. ఆ జతను కొని మెకానిక్కు దగ్గరికి మోసుకుపోయాడు. బోల్టులు అతికినట్టు సరిపోయాయి. ఆయన ఎక్కి కూర్చుని చూసుకున్నాడు. రెండు పక్కలా గట్టిగా పట్టుకుంది. ఇక చూస్కో తమ్ముడూ, అనుకున్నాడు.

"ఇవి బాగా కిందికుంటాయి సార్. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా కూర్చుంటారా?" అన్నాడు మెకానిక్కు.

"ఆయన కోసమేనయ్యా ఇదంతా."

"మరి పాత సీట్లు?"

"ఏమైనా చేసుకో. మళ్ళీ నా కంట పడనివ్వకు."

ఆదివారం మామగారు కారు తలుపు తీసి, సీటు చూసి, కాసేపలాగే నిలబడ్డారు. పెద్దల్లుడు మెచ్చుకోలు కోసం ఒళ్ళంతా చెవులు చేసుకున్నాడు. ఆయన తలుపు పట్టుకుని దబ్బున కూలబడ్డారు. దారంతా ఒక్క మాట లేదు. గేరు గురించీ అనలేదు, హారన్ గురించీ అనలేదు. ఆ లోతులోంచి ఆయనకి రోడ్డు సరిగ్గా కనిపిస్తేగా!

డిపో దగ్గర పేకాట బల్ల మీంచి అందరూ ఇటే చూస్తున్నారు. మామగారు ఒకసారి లేవబోయారు. లేవలేకపోయారు. మళ్ళీ ఊగి ప్రయత్నించారు. పెద్దల్లుడు గబగబా అటు తిరిగొచ్చి చెయ్యిచ్చాడు. "ఏరా, తాడు తెమ్మంటావా?" అని బల్ల దగ్గర ఎవరో అరిచారు. ఒకటే నవ్వులు. మామగారి మొహం కందిపోయింది.

"నీ పాత సీట్లోంచైతే నా అంతట నేను దిగేవాణ్ణి అల్లుడూ," అన్నారు నెమ్మదిగా. "వీళ్ళ ముందు ఆ ఒక్కటే నాకు మిగిలింది."

"మరి ఆ రోజు హాయిగా ఉందన్నారు?"

"లేవలేకపోయానని కూతుళ్ళ ముందు చెప్పనా? చిన్నవాడే ఇక్కడ వీళ్ళకి కనపడకుండా గోడ చాటున ఆపి, చంకల్లో చేతులేసి లాగాడు. ఇంటి దగ్గరా అంతే. ఎవరికీ చెప్పొద్దన్నాను. పాపం, చెప్పలేదు."

పెద్దల్లుడు సిగ్గుపడాల్సిన చోటే అది. పడ్డాడు కూడా, కానీ తర్వాత. ముందొచ్చింది మాత్రం అసూయే. ఆ ఇద్దరి మధ్యా తనకి తెలియని రహస్యం ఒకటుందన్నమాట!

మర్నాడు కొట్టు కూడా తెరవకుండా పాత సీట్ల కోసం మెకానిక్కు దగ్గరికి పరిగెత్తాడు.

"మీ తోడల్లుడు గారు పట్టుకెళ్ళారు సార్," అన్నాడతను. "మీ కారు చూశారట. ఆ పాత సీట్లున్నాయా అంటూ వచ్చారు. డ్రైవరు పక్కది ఒక్కటే బిగించమన్నారు. ఇంత మంచి కారులో ఈ బూడిదరంగు సీటేంటి సార్ అన్నాను. అదే కావాలన్నారు."

ఆ పై ఆదివారం పొద్దున పెద్దల్లుడి ఫోన్ మోగింది. చిన్నల్లుడు.

"అన్నయ్యా, మామయ్య గారు బండిలో ఉన్నారు. సీటు వెనక్కి జరగట్లేదు, పిడి బిగుసుకుపోయింది. ఆయన మోకాళ్ళు ముందు తగులుతున్నాయి. మీరెలా జరిపేవారు?"

తెలీదు అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అవతల "పర్లేదులే, సర్దుకుంటాను," అంటున్న మామగారి గొంతు వినిపించింది.

"ఉత్తినే లాగితే రాదు," అన్నాడు పెద్దల్లుడు. "సీటు ముందంచు పట్టుకుని కాస్త పైకెత్తి, అప్పుడు పిడి లాగు. చివరిదాకా తొయ్యకు, ఒక గాడి ముందే ఆపు. అక్కడైతే ఆయన పాదం నేలకి పూర్తిగా ఆనుతుంది. దిగేటప్పుడు తలుపు మీద చెయ్యేస్తారు, గాలికి మూసుకోకుండా చూసుకో. నువ్వు మాత్రం చెయ్యివ్వకు."

ఫోన్‌లో టక్కున సీటు పడిన చప్పుడైంది. "సరిపోయిందన్నయ్యా," అని చిన్నల్లుడు పెట్టేశాడు.

"ఎవరండీ?" అంది భార్య లోపల్నుంచి.

"మీ మరిది. ఏదో అడిగాడు, చెప్పాను."

చెప్పకుండా ఉండాల్సిందని ఆ రోజంతా ఆయనకి అనిపిస్తూనే ఉంది.