ముడతల శుక్రవారం

పొద్దున ఎనిమిదింటికల్లా ఆమె వీధి వైపు తలుపు తీసేది. బల్ల మీద దళసరి దుప్పటి, దాని మీద తెల్లగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు మూటలు విప్పి ఎవరి బట్టలు వాళ్ళకి వేరు చేసి పెట్టుకునేది. పెట్టె గోరువెచ్చగా ఉన్నప్పుడే పల్చటి బట్టలు, తడివేలు తాకిస్తే చుయ్యిమన్నప్పుడు దళసరివి. వీధిలో అందరికీ ఆమె ఇస్త్రీ అక్క. ఆమెకంటే పాతికేళ్ళు పెద్దవాళ్ళకి కూడా అక్కే.

నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించగానే ఆవిరితో పాటు మాటలు లేచేవి. కిందటి ఇస్త్రీ తర్వాత ఆ బట్ట వేసుకుని ఏం మాట్లాడినా అది ముడతల్లో ఉండిపోతుంది కదా. వేడి తగలగానే ఆ మనిషి గొంతుతోనే ఒక్కసారి పలికి మాయమైపోతుంది. ఉతికితే మురికి పోతుంది గాని మాట పోదని చంటిపిల్లలకి కూడా తెలుసు. అందుకే ఆ వీధిలో ఎవరైనా రహస్యం చెప్పుకోవాలంటే ముందు చొక్కా విప్పేవాళ్ళు.

పని నేర్పిన రోజు వాళ్ళమ్మ ఒక్కటే చెప్పింది. “విన్నది పెట్టెతో పాటే చల్లారిపోవాలి.” పన్నెండేళ్ళుగా ఆమె ఆ మాట తప్పలేదు. మొగుడూ పెళ్ళాల బట్టలు రెండూ పక్కపక్కన ఇస్త్రీ చేస్తే వట్టి ఆవిరి తప్ప ఇంకేమీ పైకి రాని ఇళ్ళు ఏవేవో ఆమెకి తెలుసు. ఎవరితోనూ అనలేదు.

ఆమె ఇంట్లోనూ ఒక మాట ఎనిమిదేళ్ళుగా నానుతూ ఉంది. పిల్లలు లేరు. పిల్లలు కలగడానికని రెండుసార్లు ఆసుపత్రిలో కడుపు కోశారు. మూడోసారికి సోమవారం రమ్మన్నారు. అత్త అప్పటికే సంచి సర్ది గోడకి తగిలించింది. “ఊరందరి బట్టలూ నీ చేతిలో నునుపవుతాయి. నా దండెం మీద పసిగుడ్డ ఒక్కటి ఆరేసే రోజు మాత్రం రాదు” అని ఆవిడ రోజుకోసారైనా అనేది. మొగుడు నీటిసరఫరా ఆఫీసులో గుమస్తా. తల్లి ఆ మాట అన్నప్పుడల్లా పేపర్లో ఏదో ముఖ్యమైన వార్త వెతుక్కునేవాడు.

ఆ వారంలోనే లోకం అంతమవ్వాల్సి వచ్చింది.

రిటైరైన భూగోళం మాస్టారు పదిహేనేళ్ళు లెక్కలు కట్టి గురువారం సాయంత్రం నాలుగూ పదికి అంతా అయిపోతుందని తేల్చాడు. మొదట నవ్వారు. తర్వాత ఆయన చెప్పినట్టే వరసగా మూడు రోజులు గాలి స్తంభించేసరికి నవ్వు మానేశారు. గురువారం మధ్యాహ్నానికి మంగలి ఒకాయన తల సగం గొరిగి కత్తి కింద పెట్టేశాడు. “లోకమే పోతుంటే రెండో వైపెందుకు బాబూ?” అన్నాడు. హెడ్మాస్టరు రాజీనామా రాసి, అందులో తను ఇరవై ఏళ్ళుగా అనలేకపోయినవన్నీ అన్నాడు. అన్నిటికంటే పెద్ద పొరపాటు ఏంటంటే, మగవాళ్ళందరూ ఆ పూట చొక్కాలు విప్పకుండానే నోళ్ళు విప్పారు. రేపు ఇస్త్రీ ఎవరు చేస్తారులే అనుకున్నారు.

నాలుగూ పదయింది. నాలుగున్నరయింది. అయిదింటికి గాలి కూడా వీచింది.

శుక్రవారం పొద్దున అర్ధగుండాయన మంగలి షాపు మెట్ల మీద అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. హెడ్మాస్టరు, బంట్రోతు బడి తాళం తీసేలోపే కిటికీలోంచి చెయ్యి పెట్టి తన రాజీనామా ఉత్తరం లాక్కోబోయి ఇరుక్కున్నాడు. లెక్కలో ఎక్కడో లీపు సంవత్సరాలు మర్చిపోయానని మాస్టారు వీధి అరుగు మీద చెబుతుంటే ఆయన భార్య లోపల్నుంచి అరిచింది.

“ఎలాగూ పోతాంగా అని నిన్న గిన్నెలు తోమనివ్వలేదు. ఇప్పుడు రెండు రోజులవి పడున్నాయి. ప్రళయం నాకొక్కదానికే వచ్చిందండీ! లేచి పీచు అందుకోండి.”

మాస్టారు లేచాడు. వీధిలో చాలామందికి అదే ఆ వారంలో నిజమైన జోస్యంలా తోచింది.

ఇస్త్రీ అక్క బల్ల మీదికి మాత్రం ఒక్క మగచొక్కా రాలేదు. బ్యాంకు మేనేజరు నలిగిన కాలరుతో బ్యాంకుకి వెళ్ళాడు. పోలీసాయన ముడతల యూనిఫారంతో కూడలిలో నిలబడి చెయ్యి చూపిస్తే బస్సువాళ్ళు ఆగలేదు. ఎవరికి వాళ్ళు గురువారం చొక్కాని మడతల కింద, ట్రంకుపెట్టెల అడుగున దాచుకుని, మిగిలినవి కూడా ఎందుకైనా మంచిదని ఇవ్వడం మానేశారు. ఆడవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే మూటలు తెచ్చి పడేశారు. వాటిలో ఏముంది? “పాలు పొంగుతున్నాయి చూడు,” “కాళ్ళు కడుక్కుని రా,” “ఎక్కడ పెట్టారో మీకే తెలియాలి.” లోకం అంతమయ్యే రోజున కూడా ఆ మాటలు మారలేదు.

ఆదివారం అత్త కొడుకు పరుపు ఎండలో వేద్దామని ఎత్తింది. కింద అతని నీలం చొక్కా దొరికింది, చింతించి చింతించి నుదురు నలిగినట్టు నలిగిపోయి.

“చూడవే వీడి తెలివి! రేపు ఆసుపత్రికి అందరి ముందూ ఇదేసుకొస్తాడా? ఒక్కసారి పెట్టె పెట్టు,” అని బల్ల మీద పడేసి, పక్కనే స్టూలు లాక్కుని ఊడిన బొత్తాలు కుట్టడానికి కూర్చుంది. అలా కోడలికి సాయం చెయ్యడం, సాయం చేస్తూ దెప్పడం ఆవిడకి రోజూ ఉన్నదే.

ఆమె నీళ్ళు చిలకరించింది. కాలరు దగ్గర ఆఫీసు మాటలు లేచాయి. ఎవరిదో పంపు రిపేరు, ఎవరికో ఫైలు. చేతుల దగ్గర మేడ మెట్లెక్కే ఆయాసం. వీపు మీద పెట్టె జరిపేసరికి అతని గొంతు వణుకుతూ వచ్చింది.

“దేవుడా, నాలుగయింది. చెప్పేస్తున్నాను. లోపం దానిది కాదు, నాది. ఆరేళ్ళ కిందటే వేరే ఊళ్ళో డాక్టరు చెప్పాడు. ఆ రిపోర్టు నేనే చింపేశాను. ఈ ఆసుపత్రిలో నాకంతా బాగుందని అబద్ధమాడాను. రెండుసార్లు దాని కడుపు కోయించాను. నన్ను క్షమించు స్వామీ.”

తర్వాత చాలాసేపు వట్టి ఆవిరి. కింది అంచు దగ్గర మళ్ళీ అదే గొంతు, ఈసారి కుదుటపడి: “ఏం కాలేదే! హమ్మయ్య... ఇంకా నయం, ఎవరితోనూ అనలేదు.”

దేవుణ్ణి అడిగాడు క్షమించమని. కోయించుకున్న మనిషిని అడగలేదు. ఆమెకి మొదట తట్టింది అదే. చెయ్యి ఉన్నచోటే ఉండిపోయింది.

“చొక్కా మాడుతోందే, పెట్టె తియ్యి,” అంది అత్త.

ఆమె తీసింది. అత్త చేతిలో సూది బొత్తంలోకి సగం దిగి ఆగిపోయి ఉంది.

“ఆరేళ్ళు,” అంది అత్త. “ఈ ఆరేళ్ళలో నేను నిన్ను ఏమేం అన్నానే?”

“అన్నీ చెప్పమంటారా అత్తయ్యా?”

“వద్దులే. ఇవాళ ఒక్క రోజు చాలదు.”

అత్త లేచింది. గోడకున్న సంచి దించి, తను సర్దిన కోడలి బట్టలు ఒక్కొక్కటే తీసి అలమరలో పెట్టింది. దువ్వెన, సబ్బుపెట్టె, తువ్వాలు. అన్నీ అయ్యాక ఖాళీ సంచిని కూడా మడిచి లోపల పెట్టి తలుపు వేసింది. ఎప్పుడూ అంత మెల్లగా వేసి ఎరగదు.

సాయంత్రం కొడుకు వచ్చి, కొక్కేనికి వేలాడుతున్న నీలం చొక్కా చూశాడు. ఒక్క ముడత లేదు. వీపు మీద చిన్న గోధుమరంగు మచ్చ.

“ఇది... ఇదెవరు తీశారు?”

“నేనేరా,” అంది తల్లి. “పెళ్ళాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడివి, నలిగిన చొక్కాతో వెళ్తావా అని.”

అతను భార్య వైపు తిరిగాడు. “ఏమోయ్... ఆ రోజు ఏదో భయంలో...”

“విన్నది మళ్ళీ చెప్పే అలవాటు నాకు లేదు,” అందామె. “చెప్పాల్సింది ఉంటే మీరే చెప్పండి. నా మొహం చూసి చెప్పండి.”

గురువారం నాలుగింటికి దేవుడి ముందు తెరుచుకున్న నోరు, ఆదివారం భార్య ముందు తెరుచుకోలేదు. అతని కళ్ళు పేపరు కోసం వెతికాయి. దాన్ని తల్లి అప్పటికే మడిచి తన కింద పెట్టుకుని కూర్చుంది.

సోమవారం ఆమె ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. ఆపరేషన్ వద్దని చెప్తే నర్సు ఒక కాగితం తీసి ముందు పెట్టింది.

“దీని మీద మీ ఆయన సంతకం కావాలమ్మా.”

“కోయడానికి ఆయన సంతకం పెట్టాడు. వద్దనడానికి నాది సరిపోదా?”

నర్సు ఆమె మొహం కేసి చూసింది. ఏమనుకుందో, సంతకం గడి మీద వేలు పెట్టి కలం అందించింది. ఆమె తన పేరు పూర్తిగా, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది.

“కారణం కూడా రాయాలి. భయం వేసిందని రాయనా? ఇంట్లో ఒప్పుకోలేదనా?”

“లోకం అంతం కాలేదని రాయండి.”

నర్సు ఇంకేమీ అడక్కుండా అదే రాసి, కింద తేదీ వేసి, ముద్ర కొట్టింది.

రెండుసార్లు ఆమె ఆ ఆసుపత్రి మెట్లు అత్త భుజం పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగి, కుట్లు పిగులుతాయేమోనని అరచేత్తో కడుపు అదిమి పట్టుకుని దిగింది. ఈసారి రెండు చేతులూ ఊపుకుంటూ దిగింది.